పూల్‌లోకి ఇసుక వస్తుంటే పంపు మార్చక్కర్లేదు

స్విమ్మింగ్ పూల్‌లోకి ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే నాజిల్ కింద రోజూ గుప్పెడు ఇసుక పడుతోందని, మెకానిక్ పంపు మార్చమన్నాడని రాశారు. పంపు జోలికి పోకండి. దానికీ ఇసుకకీ సంబంధం లేదు.

ముందు ఆ పడిందాన్ని వేళ్ల మధ్య నలపండి. గరగరలాడితే ఫిల్టర్ ట్యాంకులో నీళ్లను వడకట్టే ఇసుకే. మెత్తగా పొడిలా రేగితే చచ్చిన నాచో, దుమ్మో. బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఇసుకను కడగడం) అయిన వెంటనే కాసేపే వస్తోందంటే, ‘రిన్స్’లో (నీళ్లను పూల్‌లోకి కాక బయటికి వదిలే సెట్టింగ్) ఒక నిమిషం నడపకుండా ‘ఫిల్టర్’లోకి తిప్పేస్తున్నారన్నమాట. రోజూ వస్తోందంటే మాత్రం ట్యాంకు అడుగున ఉండే లాటరల్ (ఇసుకను ఆపి నీళ్లను మాత్రమే వదిలే సన్నని చీలికల గొట్టం) గానీ, మధ్యలోని నిలువు పైపు గానీ విరిగినట్టే.

మోటారు ఆపి, వాల్వులు కట్టేసి, డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లు వదలండి. మల్టీపోర్ట్ (ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్ మార్చే హ్యాండిల్ ఉన్న వాల్వు) విప్పి ఇసుకంతా మగ్గుతో తోడాలి. గునపం పెట్టారో, మిగతా లాటరల్సూ పోతాయి. హైదరాబాద్ బోరు నీళ్ల కాఠిన్యానికి ఇసుక సున్నం పట్టి గడ్డకట్టి ఉంటే పాతది మళ్లీ పోయకండి.

విరిగినవి మార్చాక నిలువు పైపులోకి ఇసుక పోకుండా మూతికి టేపు చుట్టి, ట్యాంకు సగం నీళ్లు నింపాకే ఇసుక పోయండి. లేకపోతే ఆ బరువుకి కొత్త లాటరల్సూ విరుగుతాయి. 0.45–0.55 మి.మీ. సిలికా ఇసుకే కావాలి, రోబో శాండ్ వద్దు. ఎన్ని కిలోలో ట్యాంకు లేబుల్ మీదుంటుంది. టేపు తీయడం మర్చిపోకండి! బిగించాక మొదట బ్యాక్‌వాష్, తర్వాత రిన్స్. అప్పుడు ప్రెషర్ గేజ్ రీడింగ్ రాసి పెట్టుకోండి. దానికంటే 8–10 పీఎస్ఐ పెరిగినప్పుడే మళ్లీ బ్యాక్‌వాష్. హ్యాండిల్ తిప్పేముందు ప్రతిసారీ మోటారు ఆపాలి, లేదంటే లోపలి స్పైడర్ గాస్కెట్ (రబ్బరు సీలు) చిరుగుతుంది.