కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ పెద్ద సంస్థల్లో ఎందుకు కుదురుకోదు?

చాలాసార్లు కారణం సాఫ్ట్‌వేర్ నాసిరకం కావడం కాదు, దాని పద్ధతికీ సంస్థ పనితీరుకీ పొంతన లేకపోవడం. రెడీమేడ్ వ్యవస్థ ఏదైనా కొన్ని లెక్కల పద్ధతులను ముందే ఖాయం చేసుకుని వస్తుంది. అమ్మేవాళ్లు చూపించే నమూనాలో ఆ తేడా కనబడదు.

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ 2011లో శాప్ (SAP, సంస్థల సరుకు, ఖాతాల లెక్కలు చూసే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) వ్యవస్థకు మారడం మొదలుపెట్టింది. లిడిల్ సరుకు నిల్వలను కొన్న ధరకు లెక్కగడుతుంది. శాప్ ప్రామాణిక రూపమేమో అమ్మకపు ధరకు. సంస్థ తన అలవాటు వదులుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే మార్పించింది. చిన్న తేడాలా ఉన్నా, దానికి ముడిపడిన ప్రతి లెక్కా కదిలింది. సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చాయి. 2018లో పని ఆపేశారు.

‘మనకు తగ్గట్టు మార్పించుకుంటే చాలు’ అన్నదే పెద్ద అపోహ. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ మార్పులన్నిటినీ మళ్లీ పరీక్షించుకోవాలి, ఆ ఖర్చు మొదటి ఒప్పందంలో అరుదుగా కనిపిస్తుంది.