కొత్త బ్యాటరీ వేసినా రెండ్రోజులకే డౌన్.. కరెంటు ఎటు పోతోంది?

సందేహం: ఐదేళ్ల కిందటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మాది. మూడు నెలల కింద 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) కొత్త బ్యాటరీ వేయించాం. రెండ్రోజులు బయటికి తీయకపోతే చాలు, సెల్ఫ్ తిరగదు, టకటకమని శబ్దం మాత్రం వస్తుంది. షాపువాళ్లు బ్యాటరీ బాగుందంటారు. మెకానిక్ డైనమో బాగుందంటాడు. ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్‌క్యామ్ బయటి షాపులో పెట్టించాం. అసలు లోపం ఎక్కడుంది? (ఖమ్మం)

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. మూడో అనుమానితుణ్ని ఎవరూ పట్టించుకోలేదు, అంతే. తాళం తీసేశాక కూడా కారులో ఏదో ఒకటి కరెంటు తాగుతూనే ఉండాలి.

ముందు లెక్క చూద్దాం. ఆగి ఉన్న కారులో గడియారం, రిమోట్ లాక్ రిసీవర్, అలారం, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ లాంటివి పనిచేస్తూనే ఉంటాయి. అన్నీ కలిపినా 50 మిల్లీఆంప్‌లు దాటకూడదు. 50 అనే అనుకుందాం. రోజుకు 1.2 ఏహెచ్ ఖర్చు. నిండుగా ఉన్న 35 ఏహెచ్ బ్యాటరీ సగానికి రావాలంటే రెండు వారాలు పడుతుంది. మీది 48 గంటల్లో సెల్ఫ్ తిప్పలేని స్థితికి వస్తోంది. సుమారు 20 ఏహెచ్ పోయిందనుకుంటే, ఎడతెగకుండా 400 మిల్లీఆంప్‌ల చొప్పున ఏదో లాగేస్తోంది. అయితే ఈ లెక్క బ్యాటరీ నిండుగా ఉంటేనే నిలుస్తుంది. జంపర్ కేబుల్స్‌తో స్టార్ట్ చేసి ఊళ్లో పావుగంట తిరిగి ఇంట్లో పెట్టేస్తుంటే అది ఎప్పుడూ సగంలోనే ఉంటుంది, అప్పుడు చిన్న లీకేజీ కూడా పెద్ద దెబ్బే. కాబట్టి మొదట ఛార్జర్ మీద 3, 4 ఆంప్‌లతో రాత్రంతా పెట్టి నింపండి. ఇది చేయకుండా ఏ పరీక్ష చేసినా దండగే.

కావాల్సింది మామూలు డిజిటల్ మల్టీమీటర్. మూడు నాలుగు వందల రూపాయలది చాలు. ఛార్జింగ్ తీశాక నాలుగైదు గంటలు ఆగండి. తొందరగా చూడాలంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, ఇంకో ఐదు నిమిషాలకు కొలవండి. లేకపోతే ప్లేట్ల మీది పైపై ఛార్జ్ వల్ల వోల్టేజీ ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. 12.6 లేదా 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలింది. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయినట్టు. ఇక వారంటీ కార్డు వెతుక్కోవడమే.

తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటర్ చూడండి. అప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసినా 13.5 దాటి నిలిస్తే డైనమోకు ఢోకా లేదు. కొత్త మోడళ్లలో ఇంజిన్ కంప్యూటరే మైలేజీ కోసం ఛార్జింగ్ తగ్గించి, బ్యాటరీ నిండాక 12.8 వరకూ దించేస్తుంది. అది చూసి డైనమో మార్పించేసినవాళ్లున్నారు. లైట్లు వేయగానే పెరిగితే అది లోపం కాదు.

ఈ రెండూ సరిపోతే అసలు పరీక్ష మొదలు. పరీక్ష మధ్యలో డోర్లు తెరిచి మూయకుండా పని జరగాలి కాబట్టి ముందే ఫ్యూజ్ బాక్స్ మూత తీసి పెట్టుకోండి. డ్రైవర్ డోర్ తెరిచే ఉంచి, దాని లాక్ నోట్లో స్క్రూడ్రైవర్ తోసి నొక్కితే డోర్ మూసినట్టే కారు భ్రమపడుతుంది. బానెట్‌కు కూడా స్విచ్ ఉన్న మోడళ్లలో దానికీ ఇదే ఉపాయం. అన్నీ లాక్ చేసి, రిమోట్ తాళాన్ని ఇంట్లో దూరంగా పెట్టేయండి. బటన్ స్టార్ట్ కారైతే ఇది మరీ ముఖ్యం. తాళం దగ్గర్లో ఉన్నంతసేపూ కొన్ని కార్లు నిద్రపోవు.

మీటర్ ఎర్ర వైరును 10 ఆంప్‌ల రంధ్రంలోకి మార్చి, నాబ్‌ను కూడా 10 ఆంప్‌ల డీసీకి తిప్పండి. నెగటివ్ టెర్మినల్ నట్టు వదులు చేయండి. చాలా కార్లలో 10 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. క్లాంప్ పైకి లాగే ముందే మీటర్ వైర్లకు క్రొకడైల్ క్లిప్పులు తగిలించి, ఒకటి బ్యాటరీ దిమ్మకు, ఇంకొకటి కేబుల్ క్లాంప్‌కు పెట్టి, అప్పుడు క్లాంప్ మెల్లగా పైకి తీయండి. ఇలా చేస్తే కరెంటు క్షణం కూడా తెగదు, కారులోని కంప్యూటర్లు మళ్లీ మొదటినుంచి లేవవు. పైగా కొన్నిసార్లు దొంగ లోడ్ ఒక్కసారి కరెంటు తెగితే సర్దుకుని మాయమైపోతుంది. మళ్లీ వారానికిగానీ దొరకదు.

మీటర్ ఇలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి. వంద ఆంప్‌లకు పైగా దాని గుండా పోవాలని చూస్తుంది, మీటర్ మాడిపోతుంది. చౌక మీటర్లలో 10 ఆంప్‌ల దారికి ఫ్యూజే ఉండదు. పని కాగానే ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచి బ్యాటరీ మీద పెట్టినా అంతే, నేరుగా షార్ట్.

మొదట్లో కొన్ని ఆంప్‌లు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. మెల్లగా దిగుతూ పావుగంట నుంచి అరగంటలో 50 లోపుకు రావాలి. కొన్ని కార్లు గంట తీసుకుంటాయి. గంట తర్వాతా 400 దగ్గరే నిలిచిందంటే దొంగ ఉన్నట్టే. నిమిషానికోసారి పైకి లేచి మళ్లీ పడుతుంటే, ఏదో ఒకటి కారును నిద్రలోంచి లేపుతోందని అర్థం. ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) గుచ్చిన జీపీఎస్ ట్రాకర్లు చేసేది ఎక్కువగా ఇదే. అన్నట్టు, ఫాస్టాగ్ మీద అనుమానం వద్దు. అందులో బ్యాటరీ లేదు, కారు కరెంటూ వాడదు. టోల్ గేట్ రీడర్ పంపే తరంగాలతోనే పనిచేస్తుంది.

ఇప్పుడు ఏ ఫ్యూజ్ దారిలో పోతోందో కనిపెట్టాలి. ఒక్కో ఫ్యూజ్ పీకి చూడడం పాత పద్ధతి. పీకి మళ్లీ పెట్టగానే కారులోని కొన్ని కంప్యూటర్ మాడ్యూళ్లు మేల్కొని, మళ్లీ అరగంట కూర్చోబెడతాయి. దానికంటే, క్లాంప్ తిరిగి బిగించేసి, మీటర్‌ను 200 మిల్లీవోల్టులకు మార్చి, ఫ్యూజ్ నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద మొనలు ఆనించండి. కరెంటు పోని ఫ్యూజ్ మీద సున్నా. 10 ఆంప్‌ల చిన్న ఫ్యూజ్ మీద 1 మిల్లీవోల్టు కనిపిస్తే సుమారు 130 మిల్లీఆంప్‌లు పోతున్నట్టు. మీ 400కి 3 మిల్లీవోల్టులు రావాలి. 20, 30 ఆంప్‌ల ఫ్యూజ్‌లకు అంకె ఇంకా తక్కువగా వస్తుంది, కాబట్టి 0.5 కనిపించినా వదలొద్దు. డాష్‌బోర్డు కింద ఒక ఫ్యూజ్ బాక్స్, బానెట్ కింద మరొకటి ఉంటాయి. రెండూ చూడాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం స్టీరియో. దాని వెనక పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు, ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు వెళ్లాలి. తాళం తీశాక కూడా పాటలు రావాలని అడిగినప్పుడో, రెండో లైను వెతికే ఓపిక లేకనో బిగించేవాళ్లు రెండింటినీ కలిపి పసుపుకే చుట్టేస్తారు. తెర ఆరినా లోపల ఆండ్రాయిడ్ మెలకువగానే ఉండి అర ఆంప్ వరకూ లాగుతుంది. ఎర్ర వైరును విడదీసి సరైన లైనుకు కలిపితే కొన్ని మిల్లీఆంప్‌లకు పడిపోతుంది. డ్యాష్‌క్యామ్‌ది రెండో వంతు. పార్కింగ్ మోడ్‌లో 200, 300 మిల్లీఆంప్‌లు సాధారణమే. కెమెరాను నేరుగా ఫ్యూజ్ బాక్స్‌కు కలిపే హార్డ్‌వైర్ కిట్‌లో వోల్టేజీ కటాఫ్ ఉంటే 12.2 లేదా అంతకంటే పైన పెట్టండి. చాలామంది 11.8కి పెట్టి వదిలేస్తారు. కెమెరా ఆగేసరికి సెల్ఫ్‌కు ఏమీ మిగలదు.

ఏ ఫ్యూజ్ మీదా ఏమీ లేకపోతే సాధారణ ఫ్యూజ్‌ల గుండా పోని దారులు మిగులుతాయి. ముఖ్యంగా డైనమో. దాని లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లలో ఒకటి లీకైతే బండి నడిచేటప్పుడు ఛార్జింగ్ దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది, ఆపాక బ్యాటరీ వెనక్కి ఖాళీ అవుతుంది. నెగటివ్ తీసేసి, డైనమో వెనకున్న లావుపాటి పాజిటివ్ కేబుల్ ఊడదీసి టేపు చుట్టి, మళ్లీ కరెంటు కొలవండి. పడిపోతే దొంగ దొరికాడు. ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులు కొలిచి డయోడ్ పట్టుకోవచ్చని కొందరు చెబుతారు. మంచి మీటర్‌తో అర వోల్టు దాటితే అనుమానించొచ్చు కూడా. కానీ చౌక మీటర్లలో ఏసీ రేంజ్ డీసీని కూడా కలిపి లెక్కేసి 30 వోల్టులు చూపించినా ఆశ్చర్యం లేదు, ఆ అంకెను నమ్మొద్దు. ఇంకో చిన్న పరీక్ష: తెల్లవారుజామున, బండి తీయకముందే, ఫ్యూజ్ బాక్స్‌లోని రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) మీద వేలు పెట్టి చూడండి. అన్నీ చల్లగా ఉండి ఒకటి వెచ్చగా తగిలితే అది రాత్రంతా అతుక్కునే ఉంది.

సందేహం: మాకు బ్యాటరీ 12.6 వోల్టులే చూపిస్తోంది. అయినా సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోతుంది. (తెనాలి)

జవాబు: టెర్మినల్స్ చూడండి. ఒక మొన బ్యాటరీ సీసపు దిమ్మ మీదే, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టు దాటితే మధ్యలో తుప్పో, వదులో ఉంది. తెల్లటి పొడి పేరుకుంటే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, గీరి, ఆరాక బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. నెగటివ్ దిమ్మకూ ఇంజిన్ లోహానికీ మధ్య కూడా ఇలాగే చూడండి. ఎర్త్ కేబుల్ బాడీకి బిగించే చోట తుప్పు పట్టిన బండ్లు కోస్తాలో ఎక్కువ. అవీ బాగుంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంతకు పడుతోందో చూడండి. 9.6 కంటే కిందికి పడితే ముందుగా బ్యాటరీనే అనుమానించాలి. 12 దగ్గరే కదలకుండా ఉంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు చేరడం లేదు.

సందేహం: రోజూ పొద్దున పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే సరిపోతుందా? (హన్మకొండ)

జవాబు: పెద్దగా లాభం లేదు. సెల్ఫ్‌కు పోయే ఛార్జ్ తక్కువే. 150 ఆంప్‌లు మూడు సెకన్లు అంటే 0.125 ఏహెచ్. అది కొద్ది నిమిషాల్లో తిరిగొస్తుంది. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం నిండడానికి గంటలు తీసుకుంటుంది. ఎప్పుడూ అరకొరగా ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. వారానికోసారి ముప్పావుగంట రోడ్డు మీద తిప్పండి.

సందేహం: నాన్నా, అమ్మా ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరికి డాలస్ వస్తున్నారు. విజయవాడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు ఉంటుంది. బ్యాటరీ ఏం చేయాలి?

జవాబు: బయల్దేరే ముందు ఛార్జర్‌తో నింపించి, నెగటివ్ క్లాంప్ తీసి గుడ్డ చుట్టి పక్కకు పెట్టమనండి. పాజిటివ్ ముట్టుకోనక్కర్లేదు. తీసినా తనంతట తాను కొంత తగ్గుతుంది, ఎండాకాలంలో ఇంకాస్త వేగంగా. అందుకే రెండు మూడు నెలలకోసారి ఎవరితోనైనా మళ్లీ ఛార్జ్ చేయించాలి. క్లాంప్ తీశాక రిమోట్ పనిచేయదు. తాళంచెవితో డ్రైవర్ డోర్ తెరుచుకుంటోందో లేదో ముందే చూసుకోవాలి, డిక్కీలో తాళం మరిచిపోకూడదు. తిరిగొచ్చి కనెక్ట్ చేశాక గడియారం, ఆటో విండోలు మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

సందేహం: మాది ఎలక్ట్రిక్ కారు. పెద్ద బ్యాటరీ 80 శాతం ఉంది, అయినా కారు ఆన్ కాలేదు. 12 వోల్టుల బ్యాటరీ డౌన్ అన్నారు. ఎలక్ట్రిక్ కారుకు అదెందుకు? (గచ్చిబౌలి)

జవాబు: పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లనే పెద్ద స్విచ్‌లను మూయించేది ఆ చిన్న బ్యాటరీయే. లాకులు, తెర, కంప్యూటర్లూ దాని మీదే నడుస్తాయి. అది చస్తే పెద్దదాంట్లో ఎంత ఉన్నా అందుబాటులోకి రాదు. కారు ఆన్‌లో ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ వోల్టేజీని దించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్ ఆ చిన్నదాన్ని నింపుతుంది. అప్పుడు కొలిస్తే సాధారణంగా 13 దాటి ఉండాలి. బయటి షాపులో బిగించిన కెమెరాలు, ట్రాకర్లు ఇక్కడా అవే తిప్పలు తెస్తాయి. పై పరీక్షల్లో కారు ఆగి ఉన్నప్పటి బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజ్‌ల మీద మిల్లీవోల్టులు మీరూ చూసుకోవచ్చు. నారింజ రంగు కేబుల్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు, వాటిలో వందల వోల్టులుంటాయి. జంప్ ఎక్కడ ఇవ్వాలో ఓనర్స్ మాన్యువల్‌లో చూసి, అది చెప్పిన పాయింట్ల దగ్గరే ఇవ్వండి. కారు ఆన్ అయ్యాక గంటసేపు అలాగే ఉంచితే చిన్న బ్యాటరీ కొంత కోలుకుంటుంది.