బాస్క్ లైబ్రరీకి వెళ్తున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, "దానికి అమెరికాలో, నెవాడాలోని రీనోలో ఉద్యోగం వచ్చిందక్కా, ఏదో బాస్క్ లైబ్రరీ అట. బాస్క్ అంటే ఏంటి?" అని అడిగింది. స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య పిరెనీస్ కొండల దగ్గరి జనమనీ, వాళ్ళలో చాలామంది గొర్రెలు కాయడానికి నెవాడా, ఐడహో, కాలిఫోర్నియా దాకా వచ్చారనీ చెప్పేసరికి దాని టీ చల్లారిపోయింది. నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు, ఎందుకో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

అమెరికాలో నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది పి.ఎల్. 480 కింద, అంటే మనకు అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతో అమెరికా మన పుస్తకాలు కొనే ఏర్పాటు కింద, ఇండియా నుంచి వచ్చిపడే తెలుగు పుస్తకాలను కేటలాగు చెయ్యడానికి. తర్వాత ఎవరికీ పట్టని భాషలన్నీ నా బల్ల మీదికే చేరాయి. బాస్క్ అలా వచ్చింది.

కొత్త పుస్తకాలు కొనడం నీకు నేర్పక్కర్లేదు. బాస్క్ ప్రాంతంలోని దురాంగోలో ఏటా డిసెంబరులో జరిగే పుస్తకాల సంత మీద కన్నేసి ఉంచు, కొత్తవి వచ్చినప్పుడల్లా పంపమని అక్కడి వ్యాపారి ఒకరికి స్టాండింగ్ ఆర్డరు ఇవ్వు, యూరో పెరిగినా తట్టుకునేలా బడ్జెట్లో కాస్త మిగుల్చుకో. పేర్ల దగ్గర మాత్రం బద్ధకించకు. గెర్నికా, బిజ్‌కాయా లాంటి ఊళ్ళ, ప్రాంతాల పేర్లకు బాస్క్ స్పెల్లింగు ఒకటి, స్పానిష్ స్పెల్లింగు ఇంకొకటి. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంలో మనుషుల పేర్లు కూడా స్పానిష్‌లోనే నమోదయ్యేవి. 1968లో అరాంత్సాసులో జరిగిన భాషా సమావేశం తర్వాత ప్రామాణిక బాస్క్ స్థిరపడింది కాబట్టి అంతకు ముందు పుస్తకాల్లో వర్ణక్రమం ఎవరి మాండలికం వాళ్ళదే. ఏ రూపంతో వెతికినా పుస్తకం దొరకాలి.

నువ్వు వెళ్ళే చోటు చరిత్ర నీకు తెలిసే ఉంటుంది. 1967లో అక్కడ బాస్క్ అధ్యయనం మొదలైనప్పుడు బాస్క్ విషయాల పండితుడు ఫిలిప్ వేరాన్ సొంత పుస్తకాలు కొని పునాది వేశారు. ఆ లైబ్రరీకి ఎవరి పేరు పెట్టారో ఆ జాన్ బిల్బావో బాస్క్ విషయాల మీద వచ్చిన రచనలన్నిటికీ సంపుటాల కొద్దీ గ్రంథసూచి తయారు చేశాడు. దాన్ని ముందు పెట్టుకుని మీ దగ్గర ఏం లేవో చూసుకో. కానీ అపురూపమైన పుస్తకాల మోజులో పడకు. బాస్క్‌లో అచ్చయిన మొదటి పుస్తకం, 1545 నాటి ఎచెపారే కవితలు, లోకంలో ఒక్క ప్రతే మిగిలింది, అది పారిస్‌లో ఉంది. దానికి నకలు చాలు. డబ్బుతో కొనలేనివి అక్కడే నెవాడా ఊళ్ళలో, ఎల్కోలో, గార్డ్‌నర్‌విల్‌లో, ఎవరి గరాజులోనో అట్టపెట్టెల్లో ఉంటాయి.

ఒక లైబ్రరీలో, పేరు చెప్పను, అలాంటి పెట్టెలకు ఏం గతి పట్టిందో నా కళ్ళతో చూశాను. ఒక బాస్క్ హోటలు మూతపడింది. ఆ హోటళ్ళంటే మన లాడ్జీలనుకునేవు. కాపరికి అదే చిరునామా, అదే బ్యాంకు, అదే పని ఇప్పించే ఆఫీసు. చలికాలం కొండలు దిగి అక్కడే ఉండేవాళ్ళు, ఇంటి నుంచి ఉత్తరాలు అక్కడికే వచ్చేవి, జీతం డబ్బు యజమానురాలి దగ్గరే దాచుకునేవాళ్ళు. ఆవిడ పోయాక కొడుకులు సామానంతా లైబ్రరీకి ఇచ్చేశారు. ఫ్రాన్స్‌లోని బయోన్‌లో అచ్చయిన ప్రార్థన పుస్తకాలు, ప్రవాసంలో బ్యూనస్ ఎయిర్స్‌లో ఎకిన్ సంస్థ వేసిన పుస్తకాలు, వాటితో పాటు లెక్కల పుస్తకాలు, రబ్బరుబ్యాండు వేసిన కవర్లు, పిక్నిక్ కరపత్రాలు, చావు కార్డులు, వెనక పేరు రాయని ఫోటోలు.

అప్పటి లైబ్రరీ పెద్దాయన మంచివాడే, శుభ్రత ఎక్కువ. పుస్తకాలు ఏరి షెల్ఫుల్లో సర్దించాడు. మనకు ముందే ఉన్నవన్నీ "డూప్లికేట్లు" అని అమ్మకానికి పెట్టించాడు. లెక్కల పుస్తకాలు హోటలు పద్దులే కదా, మనకెందుకని పారేయించాడు. ఉంచుకున్న పుస్తకాల అట్టల లోపల లైబ్రరీ చీటీ అతికించారు, సరిగ్గా సొంతదారు చేతిరాతతో పేరు, ఊరు రాసుకున్న చోటే! ఏ పుస్తకం ఎవరి పెట్టెలోంచి వచ్చిందో ఎక్కడా రాయలేదు.

కొన్నేళ్ళకు ఒకావిడ వచ్చింది. వాళ్ళ తాత బిజ్‌కాయా నుంచి వచ్చి ఆ హోటల్లో చలికాలాలు గడిపాడట. ఏ గొర్రెల కంపెనీలో చేశాడు, ఇంటికి డబ్బు పంపేవాడా, ఎప్పుడు మానేశాడు, ఇవే ఆవిడ ప్రశ్నలు. ఆ జవాబులన్నీ పారేసిన పద్దుల్లో ఉండి ఉంటాయి. నేను ప్రార్థన పుస్తకాలు ఒక్కొక్కటీ దీపానికి ఎదురుగా పట్టి, చీటీ కింద పేరు కనిపిస్తుందేమోనని చూశాను. రెండింట్లో సిరా లీలగా కనిపించింది గానీ చదవడానికి కుదరలేదు. ఆ కొడుకులు కూడా తర్వాత వచ్చి "ఫోటోలు ఇచ్చేయండి, అవి ఇస్తామనలేదు" అని గొడవపడ్డారు. ఇచ్చినట్టు సంతకం చేసిన కాగితం లేదు మరి!

అందుకే చెప్తున్నా, విను. పెట్టె తెరవకముందే ఫోటో తీయి. ఏ వరసలో ఉన్నవి ఆ వరసలోనే జాబితా రాయి. ఏమేం ఇస్తున్నారో, అక్కర్లేనివి ఏం చెయ్యాలో రాసి సంతకం పెట్టించుకో. డూప్లికేటు అన్న మాట వాడేముందు అట్ట లోపలా, అంచుల్లో రాతలూ చూడు. "సాఫ్ట్‌వేర్‌లో దానికో కాలమ్ ఉంది పెద్దమ్మా" అంటావు, తెలుసు. కాలమ్ ఉంటుంది, నింపేవాళ్ళే ఉండరు.

ఇంకో భయం నీళ్ళు. ఎడారిలో ఉప్పెనేంటని నవ్వకు, షెల్ఫుల మీద పైపులుంటాయి. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత మీ తాతయ్య పుస్తకాలు మీ అమ్మా నేనూ అరుగు మీద ఎండబెట్టాం. పైకి బాగానే కనిపించాయి, లోపల పేజీలన్నీ అతుక్కుపోయాయి. తాతయ్య ఏమీ అనలేదు, మళ్ళీ పుస్తకం మాత్రం కొనలేదు. తడిసిన పుస్తకాన్ని రెండు రోజుల్లోపు ఆరబెట్టలేకపోతే బూజు పడుతుంది. అలాంటప్పుడు వెంటనే ఫ్రీజర్‌లో పెట్టించాలి, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఏ ఫ్రీజరో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో చేరిన వారంలోనే కనుక్కో.

రాజకీయాల దగ్గర జాగ్రత్త. స్పెయిన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న బాస్క్ గొడవల్లో ప్రతి పక్షం కాగితమూ తీసుకో, నీ అభిప్రాయం నీ దగ్గరే ఉంచుకో. అప్పట్లో పూర్తిగా బాస్క్‌లో వచ్చే ఏకైక దినపత్రిక ఎగుంకారియాను 2003లో స్పెయిన్ కోర్టు మూయించింది, 2010లో ఆ కేసులో అందరూ నిర్దోషులన్నారు. ఆలోపు ఆ పత్రికే లేదు. వెబ్‌సైట్లయితే ఇంకా త్వరగా మాయమవుతాయి, ఇవాళ కనిపించింది ఇవాళే భద్రపరచు.

బాస్క్ నేర్చుకుంటున్నావట, సంతోషం. విభక్తులు మనలాగే మాట వెనకే అతుక్కుంటాయి, క్రియ చాలాసార్లు చివర్లో వస్తుంది, మరీ భయపడక్కర్లేదు. దానికీ ద్రావిడ భాషలకీ చుట్టరికం ఉందని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పుస్తకాలు కొను, నమ్మకు.

అన్నిటికంటే ముందు మనుషుల దగ్గరికి వెళ్ళు. కాపరులు ఆస్పెన్ చెట్ల మీద పేరు, ఊరు, ఏడాది చెక్కేవాళ్ళు. ఆస్పెన్ సుమారు నూరేళ్ళు బతికే చెట్టు, కార్చిచ్చులు వేరే. ఆ రాతలు ఎవరివో చెప్పగలిగేవాళ్ళు చెట్ల కంటే ముందే పోతున్నారు. జులై మొదట్లో ఎల్కోలో ఉత్సవం జరుగుతుంది. ముసలివాళ్ళ పక్కన కూర్చో, ఫోటోలు చూపించి పేర్లు అడుగు, అనుమతి తీసుకుని రికార్డు చెయ్యి. మాంసం తినవని మొహమాటపడకు, రొట్టె, సలాడ్ ఉంటాయి. పికాన్ పంచ్ అని ఒక గ్లాసు చేతిలో పెడతారు. అది షర్బత్ కాదు.

మీ పెద్దమ్మ