ఆడుకోవడానికే ఎడిటింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నా వయసు యాభై ఎనిమిది. మా అబ్బాయి కొత్త ఫోన్ కొనిచ్చాక ఫొటోలు మార్చుకుంటూ కూర్చోవడం అలవాటైంది. మా పెరట్లో మందారాన్ని ఆకాశంలో సూర్యుడి చోట పెట్టాను. మనవరాలి గౌనుకు నెమలికంఠం రంగు వేశాను. ఇంట్లో వాళ్లు ‘ఏం పనిలేదా’ అంటున్నారు. నాకేమో వదలబుద్ధి కావడం లేదు. దీన్ని పద్ధతిగా ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, నరసరావుపేట

జవాబు: మీరు మొదలుపెట్టేశారండీ. మందారాన్ని సూర్యుడి చోట పెట్టాలని తోచడం ఒకరు నేర్పితే వచ్చేది కాదు. నేర్పగలిగింది చేతిపని ఒక్కటే. అది చెబుతాను.

రాజమండ్రిలో మా నాన్నగారికి ఫొటో స్టూడియో ఉండేది. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో నేనక్కడ టచింగ్ పని చేసేదాన్ని. వెనక లైటు వెలిగే బల్ల మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు పూడ్చాలి. కొన్నిచోట్ల బ్లేడు మొనతో గీకాలి. ప్రింటు వచ్చాక పుల్లకు దూది చుట్టి చీర అంచుకూ పెదాలకూ రంగు అద్దాలి. బ్లేడు జారిందంటే ఆ నెగటివ్ ఇక అంతే, రెండోది ఉండదు. అందుకే మంచి పనివాళ్లు కూడా చేతులు దగ్గర పెట్టుకుని పనిచేసేవారు. సరదాగా ఏదైనా చేసి చూద్దామన్న ఆలోచనే వచ్చేది కాదు. ఇప్పుడు మీ ఫోన్‌లో వెనక్కి వెళ్లే బాణం ఉంది. అసలు ఫొటో ఎక్కడికీ పోదన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యం ఎంత విలువైనదో ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. కాబట్టి మొదటి పని, ఏ ఫొటో ముట్టుకునే ముందైనా దాని కాపీ ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇప్పుడు ఒక ఆట చెబుతాను. మనవరాలిని పగటిపూట కిటికీకి అడ్డంగా పక్కకు తిరిగి నిలబెట్టండి. ఫోన్‌లో పాప మీద కాకుండా కిటికీ వెలుతురు మీద వేలు పెట్టి ఫొటో తీయండి. వెనక అంతా తెల్లగా, పాప నల్లటి నీడలా వస్తుంది. ముక్కు, జడ, గౌను అంచు స్పష్టంగా గీసినట్టుండాలి. తర్వాత మీ మందార చెట్టును దగ్గర నుంచి, ఆకులూ పూలూ నిండుగా కనబడేలా తీయండి. స్నాప్‌సీడ్ అనే ఉచిత యాప్‌లో ‘డబుల్ ఎక్స్‌పోజర్’ అనే టూల్ ఉంది. ముందు పాప ఫొటో తెరిచి, అందులో మందారాల ఫొటో చేర్చి, కలిపే పద్ధతుల్లో ‘లైటెన్’ ఎంచుకోండి. అది రెండు ఫొటోలనూ చుక్క చుక్కకూ పోల్చి, ఏది ఎక్కువ వెలుతురుగా ఉంటే దాన్నే ఉంచుతుంది. కిటికీ తెలుపు ముందు పువ్వు ఓడిపోతుంది. పాప నలుపు ముందు పువ్వు గెలుస్తుంది. కత్తిరింపు, అతికింపు ఏమీ లేకుండానే పాప ఒళ్లంతా మందారాలు నిండుతాయి. జడ చివర ఒక మొగ్గ పడేలా రెండో ఫొటోను వేళ్లతో జరపండి. అక్కడే గంట గడిచిపోతుంది, గడవనివ్వండి.

‘డార్కెన్’ అయితే దీనికి తలకిందులు, ముదురు రంగే నిలబడుతుంది. ఈ రెండింటితోనే నెలల తరబడి ఆడుకోవచ్చు. రెడీమేడ్ ఫ్రేములు, స్టిక్కర్ల జోలికి మాత్రం ఇప్పుడప్పుడే వెళ్లొద్దని నా సలహా. అవి వేరేవాళ్లు ఆడేసిన ఆట. దానికి బదులు మీకు మీరే ఒక నిబంధన పెట్టుకోండి. ఈ వారం రంగు తప్ప ఇంకేదీ ముట్టుకోను అనో, ఈ ఒక్క బిందె ఫొటోతోనే ఏడు బొమ్మలు చేస్తాను అనో. చేతికి కట్టుబాటు ఉన్నప్పుడు బుర్ర దారులు వెతుకుతుంది. మందారాల పాప బాగా కుదిరితే ప్రింటు తీయించి హాల్లో పెట్టండి. ఇంట్లో వాళ్లకు అది చాలు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఇన్‌స్టాలో అందరి ఫొటోలూ ఒకే ఫిల్టర్‌తో ఒకేలా కనిపిస్తున్నాయి. నాదంటూ ఒక తీరు ఉండాలని ఉంది. నా ల్యాప్‌టాప్ పాతది, ఫొటోషాప్ కొనే స్థోమత లేదు. పైగా మాటల్లో చెబితే బొమ్మ తయారుచేసే ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకని స్నేహితులు అంటున్నారు.
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, కొనాల్సిన పనిలేదు. గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టి 1996లో జనానికి ఇచ్చారు. అదీ బరువనిపిస్తే ఫొటోపీ అనే ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. రెండింట్లోనూ నీకు కావలసింది ఉంది. అవి లేయర్లు. 1990లో వచ్చిన మొదటి ఫొటోషాప్‌లోనే అవి లేవు. 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఫొటో మీద గాజు పలక పెట్టి దాని మీద గీసుకున్నట్టు, నచ్చకపోతే పలక తీసేయొచ్చు, కింద ఫొటో చెక్కుచెదరదు.

లేయర్ల అసలు రుచి అవి ఒకదానిలో ఒకటి కలిసే పద్ధతిలో ఉంటుంది. కొంచెం లెక్క చెబుతాను, భయపడకు. మామూలు ఫొటోలో ప్రతి చుక్క వెలుతురుకూ 0 నుంచి 255 దాకా అంకె ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. ‘మల్టిప్లై’ పెడితే పై చుక్కనూ కింది చుక్కనూ గుణించి 255తో భాగిస్తుంది. పైన తెల్ల కాగితం ఉందనుకో, 255తో గుణించి 255తో భాగించడమే కాబట్టి కింద ఉన్నది అలాగే కనిపిస్తుంది. కాగితం మాయమై దాని మీది పెన్సిల్ గీత మాత్రం ఫొటో మీద నిలుస్తుంది. ‘స్క్రీన్’ దీనికి ఎదురు. నలుపు మాయమవుతుంది, తెలుపు నిలుస్తుంది.

నలుపు మీద తెలుపు గీతలంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ముగ్గు. తెల్లవారుజామున, కళ్లాపి చల్లిన నేల ఇంకా తడిగా ఉండగానే మీ వాకిట్లో ముగ్గును నిటారుగా పైనుంచి ఫొటో తియ్యి. నలుపు తెలుపులు సరిచేసే ‘లెవెల్స్’లో ఎడమవైపు నల్ల బాణాన్ని లోపలికి జరుపుతూ పో, నేల పూర్తిగా నల్లబడి పిండి గీతలు మాత్రం మిగిలేదాకా. ఇక మీ ఊళ్లో వేయిస్తంభాల గుడి ఉంది. 1163 నాటి నల్లరాయి. సాయంత్రం ఎండ దిగాక స్తంభాలు ముదురు బూడిద రంగులో ఉంటాయి. ఆ ఫొటో కింద, ముగ్గు పైన, ముగ్గు లేయర్‌కు కలిసే పద్ధతి ‘స్క్రీన్’. రాతి చెక్కడం మీదుగా మీ అమ్మ వేసిన మెలికలు పాకుతాయి. ముగ్గు ఎక్కడ వద్దనుకుంటే అక్కడ ఎరేజర్‌తో తుడిచెయ్యకు. ఆ లేయర్‌కు మాస్క్ పెట్టి నల్ల బ్రష్‌తో దాచు. రేపు మనసు మారితే తెల్ల బ్రష్ పూయగానే తిరిగొస్తుంది. దాయడానికీ చెరపడానికీ తేడా పట్టుబడిందంటే ఎడిటింగ్‌లో సగం వచ్చినట్టే.

ఏఐ సంగతి. గుడి మీద ముగ్గు కావాలని అడిగితే అదీ ఇస్తుంది, నున్నగా ఇస్తుంది. కానీ మీ అమ్మ చుక్కకూ చుక్కకూ మధ్య వదిలే ఎడం, పిండి సన్నగా జారి గీత తెగిన చోటు, ఎవరో తొక్కిన మూల, ఇవి నీ ఫొటోలోనే ఉన్నాయి. నీ తీరు వెతుక్కోవలసింది ఫిల్టర్‌లో కాదు, నీ వాకిట్లో. స్నేహితులతో వాదన మానేసి ఆ బొమ్మ చూపించు.

ప్రశ్న: మా నాన్నగారు నా పెళ్లికి ముందే పోయారు. కాళ్లు కడిగే ఘట్టంలో అమ్మ పక్కన బాబాయి కూర్చున్నారు. ‘మీ నాన్న నా పక్కనున్న ఫొటో ఒక్కటి చేసిపెట్టవే’ అని అమ్మ ఇప్పుడు అడుగుతోంది. చెయ్యాలనే ఉంది, దొంగతనంగా కూడా అనిపిస్తోంది.
– పేరు వద్దన్న పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, చెయ్యి. ఫొటోలు కలపడం నిన్నామొన్నటిది కాదు. 1858లోనే ఇంగ్లాండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లు కలిపి ఒకే కుటుంబ దృశ్యంగా ఫొటో వేశాడు. దాచి నమ్మిస్తే దొంగతనం. మీ అమ్మ తెలిసే అడుగుతోంది.

అయితే బాబాయిని చెరిపి ఆ చోట నాన్నగారిని కూర్చోబెట్టవద్దు. ఆ రోజు ఆ బాధ్యత మోసింది ఆయన. అమ్మ ఒక్కతే ఉన్న వేరే ఫొటో తీసుకో. నాన్నగారి ఫొటోను ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలు వచ్చేలా, స్కాన్ చేయించు. ఉన్నవాటిలో ముస్తాబైన ఫొటో కాకుండా, అమ్మ ఫొటోలో వెలుతురు ఎటునుంచి పడుతుందో అటునుంచే పడుతున్నది ఎంచుకో. ముక్కు నీడ చూస్తే తెలిసిపోతుంది. అమ్మ ముక్కు నీడ కుడికి, ఆయనది ఎడమకు పడితే మనిషి అతికించినట్టే ఉంటాడు, ఎంత కష్టపడినా. పాత ప్రింటులో గరుకు ఉంటుంది, కొత్త ఫొటో నున్నగా ఉంటుంది. కొత్తదానికి కాస్త ‘నాయిస్’ అనే గరుకు చేర్చి సమం చెయ్యి. భుజాలు ఆనుకునే చోట పల్చని నీడ గియ్యి.

నాకు మనసుకు నచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది. అమ్మను రంగుల్లో, నాన్నగారిని ఆయన కాలపు బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంచి పక్కపక్కన కూర్చోబెట్టడం. ఆ తేడా కళ్లకు తెలుస్తూనే ఇద్దరూ ఒక్కచోట ఉంటారు. రెండూ చేసి అమ్మకు చూపించు, ఆవిడ ఎంచుకున్నదే ప్రింటు వేయించు. వెనకాల పెన్సిల్‌తో ‘ఇది కలిపి చేసిన ఫొటో’ అని, సంవత్సరం, నీ పేరు రాయి. మీ మనవలు ఆ రోజు తాతగారు బతికే ఉన్నారనుకోకూడదు.

ప్రశ్న: ఎడిట్ చేసిన ఫొటో మళ్లీ మళ్లీ సేవ్ చేస్తుంటే మసకబారుతోంది. వాట్సాప్‌లో పంపితే మరీ ఘోరం. ఎందుకు?
– ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ అనే ఫైలు పద్ధతి ఫొటోను 8 బై 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని వివరాల్ని వదిలేసి చిన్నది చేస్తుందండీ. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత వదిలేస్తుంది. పని నడుస్తున్నంత కాలం గింప్‌లో అయితే ఎక్స్‌సీఎఫ్, ఫొటోపీలో అయితే పీఎస్‌డీ అనే ఫైలుగా దాచుకోండి, లేయర్లు కూడా భద్రంగా ఉంటాయి. అంతా అయ్యాక ఒక్కసారే జేపెగ్ తీయండి. వాట్సాప్ కూడా ఫొటోను ఇలాగే చిన్నది చేసి పంపుతుంది, కాబట్టి అందులో ఫొటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.