పిల్లవాడికి కన్నడ రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలా?

బెంగళూరుకు మారాక, నాలుగో తరగతి చదివే మీ అబ్బాయి కన్నడ తరగతిలో నోరు విప్పడం లేదనీ, ఇంట్లో తెలుగు తగ్గించమని బడివారు చెప్పారనీ, అది మంచి సలహాయేనా అనీ అడిగారు. తగ్గించకండి. బెంగళూరులోనే మారతహళ్ళిలో కాపురముంటూ మా అమ్మాయిని ఇదే దశ దాటించిన తల్లిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను. కొత్త భాష నడుమ పడిన పిల్లలు కొంతకాలం మాట్లాడకుండా వింటూ ఉండటం సహజమే కనుక, ఆ మౌనాన్ని చూసి కంగారుపడవలసిన అవసరం లేదు.

మా అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టాక తరచూ చేసిన తప్పు "అమ్మ బంతు" అనడం. తెలుగులో అమ్మ వచ్చినా బస్సు వచ్చినా "వచ్చింది" అనే అంటాం; కన్నడలో ఆడవారికి "బందళు", వస్తువులకూ జంతువులకూ "బంతు" అనాలి. తనకు తెలిసిన వ్యాకరణాన్ని పిల్ల కొత్త భాషకు బుద్ధిగా అన్వయించుకున్నదన్నమాట. మొదటి ఏడాది పాఠం చెప్పినవారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, సరైన రూపాన్ని మళ్ళీ మళ్ళీ రాయించేవారు. పుస్తకం అందంగా నిండింది గాని మాట మారలేదు.

మరుసటి ఏడాది మరొక టీచరుగారు వచ్చారు. తల్లిదండ్రులను తరగతికి ఆహ్వానించిన రోజున నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ముందురోజు సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో చెప్పమంటే మా అమ్మాయి లేచి "అమ్మ బంతు" అన్నది. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. ఆవిడ ఆ నవ్వులను పట్టించుకోకుండా, నిజంగా ఆ కబురు వినాలనే కుతూహలంతో, "హౌదా, అమ్మ బందళా? ఏను తందళు?" అన్నారు, అవునా, అమ్మ వచ్చిందా, ఏం తెచ్చింది అని. మా అమ్మాయి కాస్త ఆగి "బాళెహణ్ణు తందళు" అని జవాబిచ్చింది. అరటిపండ్ల కబురులోనే సరైన రూపం చెవిన పడి, నోటికి వచ్చేసింది. తరువాత ఆవిడ ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ గుమ్మం బయటి నుంచి నడిపించి, వారి వెనకే ఒక బొమ్మకారును దొర్లించి, "బంద, బందళు, బంతు" అని తరగతి అంతటిచేతా అనిపించారు. భాష నేర్పడం అంటే అది.

కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం బడులు కన్నడాన్ని మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. ఆ నిబంధన న్యాయమైనదే. ఈ ఊరి అన్నం తింటున్న మనం ఈ ఊరి భాష నేర్చుకోవలసిందే. నా బాధంతా దాన్ని మార్కుల సబ్జెక్టుగా మాత్రమే చూసి, ప్రశ్న జవాబులు బట్టీ పట్టించే బడుల మీద, అదే పనిని డబ్బు తీసుకుని మళ్ళీ చేయించే ట్యూషన్ల మీద.

ఇక తెలుగు సంగతి. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కనుక, తెలుగు చదవగలిగే పిల్లవాడికి కన్నడ అక్షరాల్లో చాలావరకు ముందే పరిచయమై ఉంటాయి. తెలుగు పాలు కన్నడలో హాలుగా, పులి హులిగా, పంది హందిగా మారే పద్ధతిని కూడా వాడే పసిగడతాడు. టొరంటోకు వలస వచ్చిన పిల్లలను పరిశీలించిన భాషావిద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్, కొత్త భాషలో కబుర్లు చెప్పడం సుమారు 2 ఏళ్ళలో వచ్చినా, చదువుకు కావలసిన స్థాయి అందడానికి 5 నుంచి 7 ఏళ్ళు పడుతుందని 1981లో చూపించారు. మాతృభాషలో నేర్చిన చదువు రెండో భాషకూ అక్కరకు వస్తుందని ఆయన వాదన. అన్నేళ్ళ పని ముందుండగా, కొద్ది నెలల మౌనానికి భయపడి పిల్లవాడి చేతిలో ఉన్న ఆధారాన్ని లాగేసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. రాత్రిపూట తెలుగు కథలు చదివించండి. సాయంత్రం కింద ఆడుకునే కన్నడ పిల్లల్లోకి పంపండి.

ఈసారి బడికి వెళ్ళినప్పుడు, మార్కుల మాట పక్కనపెట్టి, మీవాడికి కన్నడలో తన సొంత కబురు చెప్పే అవకాశం వారంలో ఎన్నిసార్లు దొరుకుతోందో, తప్పు మాట్లాడినప్పుడు తరగతిలో ఏం చేస్తున్నారో అడగండి.