ధాన్యం ఇప్పుడే అమ్మండి, ట్రాక్టర్ సంగతి తొలకరి ముందు చూద్దాం

విశాఖపట్నం మధురవాడలో ఉద్యోగం చేసుకుంటూ పద్మనాభం మండలంలో నాన్నగారి సేద్యం లెక్కలు చూసుకుంటున్న ఒక పాఠకురాలు ఇలా రాశారు: "సొంతం నాలుగున్నర ఎకరాలు, కౌలు రెండు. తిండిగింజలు పోగా 150 బస్తాల ధాన్యం ఉంది. వ్యాపారి కళ్లంలోనే బస్తా 1,600కి అడుగుతున్నాడు. ఏప్రిల్ చివరిదాకా ఆపితే మంచి రేటొస్తుందని నాన్న అంటున్నారు. 2014లో కొన్న ట్రాక్టర్‌కి షోరూంలో ఎక్స్ఛేంజి కింద 1.90 లక్షలు, బయట బ్రోకర్ 2.40 లక్షలు ఇస్తామంటున్నారు. రిపేరు చేయిస్తే 70 వేలవుతుందట. దాన్ని ఇచ్చేసి 5 లక్షల లోనుతో కొత్తది కొనొచ్చా? రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష బాకీ, బ్యాంకులో పంట రుణం కూడా ఉన్నాయి."

ముందు ధాన్యం సంగతి. 2025-26 సీజన్‌కి రైతు సేవా కేంద్రంలో ప్రభుత్వం ఇచ్చే మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369, ఏ గ్రేడుకి 2,389. 75 కిలోల బస్తాకి లెక్కేస్తే 1,777, 1,792. మీ 150 బస్తాలకీ సాధారణ రకం ధరే వేసుకున్నా 2,66,500 వస్తుంది. వ్యాపారి రేటుకి 2,40,000. తేడా 26,500 అనుకుంటున్నారేమో, అంతటితో ఆగదు. ఆ 1,600 ఎన్ని కిలోలకో అడిగారా? తరుగు పేరుతో బస్తాకి 78 కిలోలు తూచుకుంటే, దాదాపు ఆరు బస్తాలు ఉత్తపుణ్యానికి పోయినట్టే. అంటే ఇంకో 9,200. కాటా దగ్గర నాన్నగారే నిలబడాలి.

ఏప్రిల్ దాకా ఆపుదామన్న ఆలోచన నాకు నచ్చలేదు. 17 శాతం తేమతో దాచిన ధాన్యం ఎండలు ముదిరేసరికి 14కి ఆరితే, బరువు మూడున్నర శాతం తగ్గుతుంది. మీ 150 బస్తాలు 145 అవుతాయి. ఎలుకల వాటా ఇందులో కలపలేదు. ఈలోగా లక్ష బాకీకి నెలకి రెండు వేల చొప్పున ఐదు నెలలకి పది వేలు వడ్డీ. ఈ రెండూ కలిపితే, ఈరోజు కేంద్రంలో వచ్చే డబ్బుతో సమానం కావడానికే అప్పుడు బస్తా 1,907 పలకాలి. లాభం ఆ పైన మొదలవుతుంది. పంట రుణం గడువు కూడా చూసుకోండి. 3 లక్షల లోపు రుణం సకాలంలో కడితేనే 4 శాతం వడ్డీ. గడువు దాటితే 3 శాతం రాయితీ పోయినట్టే.

సాంబమసూరి లాంటి సన్నరకమైతే కొంత ఆపినా తప్పులేదు, పాత బియ్యానికి గిరాకీ ఉంటుంది. అప్పుడు కూడా ఇంట్లో కాకుండా గుర్తింపు ఉన్న గోదాములో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో రుణం తీసుకోండి. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకి ఆరు నెలల దాకా వడ్డీ రాయితీ ఉంది.

రైతు సేవా కేంద్రానికి వెళ్లేముందు ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా) నమోదు సరిచూసుకోండి. కౌలు రెండెకరాలూ ఎవరి పేరున ఎక్కాయో ముఖ్యంగా చూడాలి. భూమి యజమాని పేరున ఉంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. తేమ 17 శాతం దాటకుండా చూసుకోండి. మంచు పడే రోజుల్లో ధాన్యం రాత్రిళ్లు టార్పాలిన్ పట్టా కింద ఉండాలి.

ఇక ట్రాక్టర్. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందు 7 లక్షలున్న బండి 6,56,000కి వస్తోంది. కొత్తది చవకైతే పాతదాని రేటూ దిగుతుంది. బ్రోకర్ తక్కువకి అడగడానికి అదొక కారణం. కోతలయ్యాక అమ్మేవాళ్లు ఎక్కువ కావడం ఇంకో కారణం. షోరూం వాళ్లని రెండు కొటేషన్లు అడగండి: పాత బండి ఇస్తే ఎంత, ఇవ్వకుండా కొంటే ఎంత. చాలాచోట్ల ఎక్స్ఛేంజిలో ఎక్కువ ఇచ్చినట్టు చూపి డిస్కౌంటులో కోసేస్తారు.

కానీ అసలు కొత్తది మీకు కావాలా? 5 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే ఏడాదికి 1,33,500 కట్టాలి. మీ ఆరున్నర ఎకరాల పనికి ముప్పై, నలభై గంటలు చాలు. గంటకి 1,200 కిరాయి అనుకున్నా, డీజిలు, డ్రైవరు పోగా 600 మిగిలితే గొప్ప. వాయిదాలు కట్టడానికే బండి ఏడాదికి 220 గంటలు తిరగాలి, అందులో 180కి పైగా పరాయి పొలాల్లో. నాన్నగారి వయసులో అంత కిరాయి పని నెత్తినేసుకోమని నేను చెప్పలేను. పైగా కిరాయి ఆదాయం పన్ను లెక్కలో వ్యవసాయ ఆదాయం కాదు. లేఅవుట్లకి గ్రావెల్ తోలి సంపాదిద్దామనుకుంటే, వ్యవసాయ బండిగా తీసుకున్న బీమా ప్రమాదం జరిగితే అక్కరకు రాకపోవచ్చు.

అందుకే నా సలహా: ధాన్యం డబ్బు రాగానే లక్ష బాకీ తీర్చేయండి. 70 వేలతో పాత బండి బాగు చేయించండి. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద జీఎస్టీ కూడా 18 నుంచి 5కి తగ్గింది కాబట్టి, ఆ అంచనా పాతదైతే కొత్తగా వేయించండి. దమ్ములో దిగిన బండి కదా, ముందు యాక్సిల్ సీళ్లు పోయి నీళ్లు దిగాయేమో చూడమనండి. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే దిగినట్టే. వెనక తగిలించిన రోటవేటర్‌ని పైకెత్తి ఇంజను ఆపి పది నిమిషాలు ఉంచండి. కిందికి జారితే హైడ్రాలిక్ పని కూడా ఉంది. ఇదంతా కలిపి లక్ష దాటేలా ఉంటే మాత్రం రిపేరు వద్దు. తొలకరి ముందు, కొనేవాళ్లు తిరిగే రోజుల్లో నేరుగా రైతుకే అమ్మి, మీ పనికి కిరాయి బండి పెట్టుకోండి.

ఎవరికి అమ్మినా బండి పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాలు ఖాళీగా ఉంటే వాటి మీద నాన్నగారు సంతకం పెట్టకూడదు. కొనేవాడి పేరు, తేదీ రాశాకే పెట్టాలి. ఆర్.సి. ఆయన పేరున ఉన్నంతకాలం ఆ బండి ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. పాత లోను తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు ఇంకా ఉంటే, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్.ఓ.సి. తెచ్చి ఈ నెలలోనే తీయించండి.