మధ్యలో మానేసిన బీటెక్, మెడకు చుట్టుకున్న ఫీజు

"బీటెక్ రెండో ఏడాదిలో మానేశాను. మిగతా రెండేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. బ్యాంకు లోన్ కూడా ఉంది. ఏం చేయాలి?" అని అడిగారు. ముందు ఇది చెప్పండి, మానేస్తున్నానని కాగితం మీద రాసిచ్చారా?

నేను రాసివ్వలేదు. 2018 అక్టోబరులో హాస్టల్ గది తాళం వాచ్‌మన్ చేతిలో పెట్టి, తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కి ఇంటికొచ్చేశాను. క్లాసుకు పోకపోతే మానేసినట్టే అనుకున్నాను. కాలేజీ లెక్కలో మాత్రం నేను ఇంకా విద్యార్థినే.

తర్వాతి జూన్‌లో డిగ్రీలో చేరదామని టీసీ కోసం వెళ్లాం. పూతలపట్టు దగ్గర మాకు రెండెకరాల తోతాపురి తోట. కాయ ఫ్యాక్టరీకి తోలే రోజులు, అయినా నాయన పని వదిలి నాతో వచ్చారు. అకౌంట్స్ క్లర్క్ ఒక ప్రింటు తీసిచ్చాడు. నేను రాయని నాలుగో సెమిస్టర్ ఫీజు, ఏడాది మొత్తానికి హాస్టల్, ఆపైన బస్సు ఫీజు. హాస్టల్లో ఉన్నవాడికి బస్సెందుకు? నాయనకు ఇంగ్లీషు రాదు, నేనే ఒక్కో లైను చదివి చెప్పాను. "మావాడు తినని కూటికి కూడా డబ్బులా సార్?" అని అడిగారు. "సిస్టమ్‌లో అట్లే వస్తుంది" అన్నాడు క్లర్క్. నాయన బనీను జేబులోంచి ఇరవై వేలు తీశారు. ఇది తీసుకుంటాం గానీ సర్టిఫికెట్లు ఇప్పుడే రావన్నాడు. అప్పుడు నాయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ డబ్బు మామిడికి ముందుగా తీసుకున్న అడ్వాన్సు.

బయట కానుగ చెట్టు కింద కూర్చుని తెలుగులోనే లేఖ రాశాను. ఏ తేదీన మానేశానో, ఏయే నెలలు హాస్టల్లో ఉన్నానో, ఎంత కట్టానో, రసీదు నంబర్లతో సహా. తీసుకున్నట్టు సీలు వేయమంటే వేయలేదు. తిరుపతి పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాను. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని, ఒక సెమిస్టర్ లేదా ఒక ఏడాదికి మించి ముందే ఫీజు వసూలు చేయకూడదని 2018 అక్టోబరులో యూజీసీ, అంటే ఉన్నత విద్యను చూసే కేంద్ర సంస్థ, చెప్పింది. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా ఉన్న మా మామ చెబితే ఆ మాటా రాశాను. మూడు వారాలకు ఫోన్ వచ్చింది. మూడో సెమిస్టర్ ఫీజు, ఉన్న నెలల హాస్టల్ డబ్బు కట్టాం, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. నిజంగా బాకీ ఉన్నది కట్టాల్సిందే, దాంట్లో పేచీ లేదు. మనం బతిమాలితే వాళ్లు లొంగరు, కాగితానికి లొంగుతారు. కట్టేసిన ఫీజు వెనక్కి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. యూజీసీ లెక్క ప్రకారమే చేరికల గడువు దాటి 30 రోజులైతే పైసా రాదు.

నాకు మండేది ఇంకొకటి ఉంది. ఇంటర్ ఫలితాలు రాగానే ఊళ్లోకి దిగే పీఆర్ఓలు, అంటే కాలేజీల్లో పిల్లల్ని చేర్పించే ఏజెంట్లు. సీటుకింత అని కమీషన్ తీసుకుని, పిల్లాడికి ఆ చదువు ఇష్టమా అని కూడా అడగరు. మా ఇంటికొచ్చిన పీఆర్ఓ నాయన చేతి కాఫీ తాగి, "రీయింబర్స్‌మెంట్ వస్తుంది, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మీకేం టెన్షన్ లేదు" అని వెళ్లాడు. కాలేజీ సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదని చెప్పలేదు. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటు వాళ్లకైనా 75 శాతం హాజరు ఉండాలని అసలే చెప్పలేదు.

ఇక బ్యాంకు. దాక్కోవద్దు. చదువు ఆపానని మేనేజర్‌కు మీరే వెళ్లి రాసివ్వండి. శాంక్షన్ ఎంతైనా విడుదలైన సొమ్ముకే వడ్డీ, కాబట్టి మిగతా విడతలు ఆపించండి. మామూలుగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వరకు వాయిదాలు ఉండవు. మధ్యలో మానేస్తే అంతకంటే ముందే మొదలుపెట్టమనవచ్చు. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ కూడా ఆగిపోతుంది, అనారోగ్యం వల్ల మానేస్తే తప్ప. అలా అయితే ఆసుపత్రి కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి. నెలకు కనీసం వడ్డీ అయినా కడుతూ పొండి. తక్కువకు తెంచేసుకుందామని బ్యాంకు పిలిస్తే తొందరపడకండి, అది సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల రికార్డులో, మొత్తం కట్టలేదన్నట్టు 'సెటిల్డ్' అని పడుతుంది. ఆ లోన్‌లో మీ నాన్న సంతకం కూడా ఉంటుంది. రేపు ఆయన పంట రుణానికి వెళ్తే అదే అడ్డొస్తుంది. మీ లేఖకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు.

మీరు చివరిగా క్లాసుకు వెళ్లిన తేదీ, చేతిలో ఉన్న రసీదులు ఏవో కింద రాయండి. కాలేజీకి పంపే లేఖ నేను రాసిపెడతాను.